తిరిగేదానికి నూనె

సున్నాలకి ముందు అటక ఖాళీ చెయ్యాలి అని చెప్పి మా అమ్మ ఫోను పెట్టేసిందంటే, ఆ ఖాళీ చెయ్యాల్సిన మనిషిని నేనేనని అర్థం. నెల్లిమర్ల ఇంట్లో ఇప్పుడు అమ్మతో పాటు అక్కా బావా ఉంటారు. వాళ్ళకీ చేతులున్నాయి, ఇంట్లో నిచ్చెనా ఉంది. కానీ అక్కకి మోకాళ్ళ నొప్పులు, బావకి దుమ్ము పడదు, నాకేమో విజయనగరం నుంచి బస్సెక్కితే అరగంట. ఏటా క్రిస్మస్ ముందు ఈ కారణాలన్నీ వరసగా వినిపిస్తాయి, నేనూ బుద్ధిగా బయల్దేరతాను. నిజం చెప్పాలంటే నాకు ఆ పని ఇష్టమే. అటక మీద కూర్చుంటే మా ఇల్లంతా ఒకచోట కనబడుతుంది. అక్క పెళ్ళినాటి ట్రంకు, క్రిస్మస్ నక్షత్రానికి కట్టే వెదురుబద్దలు, గాజు పగిలిన పెట్రోమాక్స్ లైటు. కింద ప్లాస్టిక్ కుర్చీలో అమ్మ కూర్చుని, "ఆ గిన్ని ఒగ్గీ. ఆ ట్రంకు ఇటు జరుపు. తుమ్మకు, పడిపోతావు" అని నడిపిస్తూ ఉంటుంది. ఎనభై దగ్గర పడినా గొంతులో అధికారం తగ్గలేదు.

ఈసారి ట్రంకు వెనక, మూలకి, గోనెగుడ్డలో చుట్టిన మూట ఒకటి చేతికి తగిలింది. విప్పితే నాన్న నూనెడబ్బా. కోడిగుడ్డుకి కొంగముక్కు తగిలించినట్టుంటుంది. అడుగు నొక్కితే టక్కుమని చప్పుడు చేసి, ముక్కు చివర ఒక్క చుక్క నిలబెడుతుంది. చుట్టిన గోనెగుడ్డ కూడా మామూలుది కాదు, మా ఇంటి మొదటి కంప్యూటర్‌కి అమ్మ కుట్టిన ముసుగు. దాని మీద ఎర్రదారం గులాబీ ఇంకా ఉంది, రంగు మాత్రం వెలిసిపోయింది. రెండూ కలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కిందనుంచి అమ్మ, "ఏటది? ఎలకేటి?" అంది. "కాదమ్మా, నాన్న" అన్నాను. ఆ మాట ఎందుకలా వచ్చిందో నాకు తెలియదు. అమ్మకి మాత్రం అర్థమైంది.

మా నాన్న జూట్ మిల్లులో ఆయిలర్. అంటే నూనె పోసేవాడు. యంత్రాలు నడిపేవాళ్ళు వేరు, బాగుచేసేవాళ్ళు వేరు. నాన్న పని వాటి మధ్య తిరుగుతూ, తిరిగే ప్రతి ఇరుసుకీ వేళకి ఓ చుక్క పొయ్యడం. అరుపు వినబడకముందే నూనె పడాలి, అరిచిందంటే ఆయిలర్ ఆలస్యమైనట్టు, అనేవాడు. మిల్లులో నారకి కూడా మెత్తబడడానికి నూనె పట్టిస్తారు. అందుకని బి షిఫ్టు దిగినవాళ్ళు సైకిళ్ళ మీద మా వీధిలోకి వస్తుంటే ముందు ఆ వాసన వచ్చేది, తరవాత బెల్లుల చప్పుడు వచ్చేది. నాన్న కనుబొమల మీద, చెవుల అంచున పసుపచ్చటి నార నూగు పట్టి ఉండేది. అమ్మ ఆ నూగుతో గడప దాటనిచ్చేది కాదు. వాకిట్లోనే చొక్కా విప్పి దులుపుకుని, బావి దగ్గర కాళ్ళూ మొహమూ కడుక్కుని, అప్పుడు లోపలికి రావాలి. ఎంత దులిపినా నూగు ఇంట్లోకి వచ్చేది. చోడి అంబలిలో తేలేది, దుప్పట్లలో దూరేది, అమ్మ బైబిలు పేజీల మధ్య కూడా కనబడేది.

నాన్నకి ఒక సూత్రం ఉండేది. తిరిగేదానికి నూనె, తిరగనిదానికి గుడ్డ. లోకంలో వస్తువులన్నీ ఈ రెండు రకాలే ఆయనకి. మాది బాప్టిస్టు కుటుంబం, ఆదివారం పని ముట్టుకునే ఇల్లు కాదు. అందుకని శనివారం సాయంత్రం మా ఇంట్లో అన్నీ ఒక్కసారే జరిగేవి. అమ్మ తెల్లచీరలకి గంజి పెట్టేది, అక్క ఇస్త్రీ చేసేది, నేను అందరి చెప్పులూ తుడిచేదాన్ని. నాన్న నూనెడబ్బా పట్టుకుని సైకిలు గొలుసుతో మొదలుపెట్టి, బావి గిలక, కుట్టుమిషను, తలుపుల బందులు, అన్నీ చూసుకుంటూ వచ్చేవాడు. వంటింట్లో ఆవపెట్టిన కూర వాసన, ముందుగదిలో ఇస్త్రీ పెట్టె బొగ్గుల వాసన, వాకిట్లో నూనె వాసన. ఈ మూడూ కలిస్తే నాకు రేపు ఆదివారం అని తెలిసేది.

రిటైరైనప్పుడు మిల్లువాళ్ళు దండ వేసి, గోడగడియారం ఇచ్చి పంపించారు. నూనెడబ్బా మాత్రం అడిగి తెచ్చుకున్నాడు. ఇక చూడండి, ఇల్లంతా నూనె అయిపోయింది. రోజుకి రెండుసార్లు తలుపులకి పోసేవాడు. బందుల కింద గోడలకి జిడ్డుచారలు దిగాయి. కుట్టుమిషను దగ్గర కూర్చుంటే జాకెట్టుగుడ్డకి మరక తప్పేది కాదు. "ఈ ఇంట్లో తలుపు తీసినా సప్పుడు నేదు, ఏసినా సప్పుడు నేదు. దొంగోడొచ్చినా మనకి తెలీదు" అని అమ్మ విసుక్కునేది. చర్చి గేటుకి పోశాడు, హార్మోనియం తిత్తి బందుకి పోశాడు, పక్కింటివాళ్ళ ఉయ్యాలకి అడక్కుండా పోశాడు. తరవాత పొయ్యడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. మిల్లు కూత వినబడగానే సగం లేచి, మళ్ళీ కూర్చునేవాడు. మాటలు తగ్గాయి. భోజనం తగ్గింది. "మీ నాన్నని సూసినావా? మనిషి ఉన్నాడు గాని ఇంట్లో నేడు" అని అమ్మ నాతో మెల్లిగా అంది. అమ్మ మెల్లిగా మాట్లాడిందంటే విషయం పెద్దదని లెక్క. నాకు భయమేసింది.

ఆ రోజుల్లోనే కంప్యూటర్ వచ్చింది. నేను డిగ్రీ అయ్యి, విజయనగరంలో టైపింగు, పేజీలు కట్టడం నేర్చుకుంటున్నాను. ఒక ప్రెస్సువాళ్ళు పెళ్ళికార్డులు, ప్రశ్నపత్రాలు ఇంటి దగ్గర చేసిపెట్టమన్నారు. మా బావకి బొబ్బిలిలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉండేది. ఎవరో మార్చేసిన పాత కంప్యూటరొకటి కడిగి, తుడిచి, దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. కుట్టుమిషను పక్కన బల్ల వేశాం. అమ్మ, ఆ నూగు భయం తెలిసిన మనిషి కదా, మిల్లు గోనెగుడ్డతోనే గట్టి ముసుగు కుట్టి, దాని మీద గులాబీ అల్లింది. నాన్న గుమ్మంలోంచి చూసి, "అందులో ఏటి తిరుగుతాది?" అని అడిగాడు. టీవీలాంటిదే నాన్నా అన్నాను. "ఐతే గుడ్డ సాలు" అనేసి అరుగు మీదికి పోయాడు. ఆయనకి దానితో పని లేదన్నమాట.

కొన్నాళ్ళకి వేసవి వచ్చింది. మధ్యాహ్నం పూట నేను ఎవరిదో శుభలేఖ కొడుతుంటే కంప్యూటర్ డబ్బాలోంచి గుర్రుగుర్రుమని చప్పుడు మొదలైంది. కాసేపు ఆగేది, మళ్ళీ కీచుమనేది. బావకి ఫోను చెయ్యాలి అనుకుంటుండగా అరుగు మీద మంచం కిర్రుమంది. నాన్న లోపలికి వచ్చాడు. తల ఓ పక్కకి వంచి, చెవి డబ్బాకి దగ్గరగా పెట్టి విన్నాడు. ఎన్నో నెలల తరవాత ఆయన కళ్ళలో పని కనబడింది నాకు.

"తిరిగేది నేదన్నావు?" అన్నాడు.

"ఫేనుంటాది నాన్నా, లోపల సిన్నది. సల్లబరచడానికి."

"అదే మరి. అది నూనడుగుతున్నాది. ఇనబడతన్నాదా? ఇరుసు ఎండిపోనాది దానికి."

కరెంటు తీసి మూత విప్పాం. లోపల చూద్దుము కదా, దూదిపరుపు విప్పినట్టుంది. అంతా నూగు. ఆయన షేవింగు బ్రష్షుతో దాన్ని మెల్లిగా ఎత్తాడు. ఫాను నడుమ అంటించిన చిన్న కాయితం ఊడదీసి, నూనెడబ్బా నొక్కి, టక్కుమని ఒక్క చుక్క వేసి, వేలితో తిప్పి, మళ్ళీ కాయితం అతికించాడు. కరెంటు పెట్టాక చప్పుడే లేదు. నిజంగా లేదు. ఆయన కంప్యూటర్ మీద అరచెయ్యి పెట్టి, "నడుస్తున్నాది, నడుస్తున్నాది" అన్నాడు. ఆ రోజు రాత్రి ఎండునెత్తళ్ళ పులుసు రెండోసారి వేయించుకున్నాడని అమ్మ నాకు కంటితో చూపించింది.

అక్కడితో ఆగి ఉంటే కథ వేరేగా ఉండేది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, నాన్నకి ఆ కంప్యూటర్ తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. మౌసు కింద గోలీ తిరుగుతుందని నేను పని చేస్తుండగా కనిపెట్టాడు. సీడీ బిళ్ళ పెట్టే సొరుగు లోపలికీ బయటికీ జారుతుందని చూశాడు. ఫ్లాపీ పెట్టేచోట తలుపు ఉందని, తలుపుకి బందు ఉంటుందని ఆలోచించాడు. మీటలు నొక్కితే కిందికి దిగుతున్నాయంటే అక్కడా రాపిడి ఉన్నట్టే కదా. నేను విజయనగరం వెళ్ళిన ఒక శనివారం, ఆదివారానికి ముందు యంత్రం శుభ్రంగా ఉండాలని, మిల్లులో చేసినట్టే చేశాడు. మౌసు గోలీకి, దాని పక్క చిన్న ఉరుళ్ళకి, సొరుగు పట్టాలకి, ఫ్లాపీ నోట్లోకి, కీబోర్డు మీద ఒక్కొక్క మీట సందులోకి. ఎక్కడా ఒలకబొయ్యలేదు, ప్రతిచోటా లెక్కగా ఒక్కో చుక్క. తరవాత గుడ్డతో తుడిచి, గోనె ముసుగు కప్పేశాడు. ఆ ముసుగు నూగు రాల్చే రకం. కింద నూనె కాచుకుని ఉంది.

సాయంత్రం నేను వచ్చి కూర్చుంటే మౌసు కదలదు. మీట నొక్కితే లేవదు, లేస్తే రెండు అక్షరాలు పడతాయి. చర్చి మహాసభల పాటల పుస్తకం నా చేతిలో ఉంది, ఆదివారం పాస్టరు గారికి ఇవ్వాలి. ఫ్లాపీ పెట్టాను. తీసేసరికి అది జిడ్డుగా మెరుస్తోంది. పక్కన నాన్న నిలబడి, "ఎలాగున్నాది? మెత్తగా నడుస్తున్నాదా?" అని అడిగాడు. నా మొహం చూసి ఆయనే అర్థం చేసుకున్నాడు. "సెడిపోనాదా?" అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు.

పాటలు పోలేదు, కంప్యూటర్‌లో ఇంకో ప్రతి ఉంది. పుస్తకం ఆలస్యమైంది, అంతే. కానీ ఆదివారం ఉదయం బొబ్బిలి నుంచి అక్కని తీసుకుని వచ్చిన బావ, నా బల్ల దగ్గర ఒక్క నిమిషం చూసి పడీపడీ నవ్వాడు. "మావా! దీనికి తలంటు పోసేసినావేటి? సీకాయి కూడా ఎట్టలేకపోనావా?" అన్నాడు. బావ మంచివాడు, నోటికి అడ్డు లేదు, అంతే. ఆరాధన అయ్యాక చర్చి వాకిట్లో పాస్టరు గారు పుస్తకం ఏదమ్మా అని అడిగితే, నాకన్నా ముందు బావ అందుకుని కథంతా చెప్పేశాడు. అందరూ నవ్వారు. పాస్టరు గారు కూడా నవ్వారు. మిల్లులో నాన్నతో పనిచేసినవాళ్ళు, "ఏరా, ఎలకకి కూడా నూనె ఎట్టినావట?" అని వీపు చరిచారు. ఎవరిలోనూ చెడ్డ బుద్ధి లేదు. కానీ మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. నాన్న తన చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు. అన్నేళ్ళు మిల్లులో చేసిన పనిలో ఎవరూ ఆయన్ని ఒక్క మాట అన్నది లేదు.

ఇంటికి రాగానే నూనెడబ్బా అటక ఎక్కించేశాడు. సాయంత్రం బావ వరండాలో చాప వేసి స్పిరిటూ దూదీ పెట్టుకుని, ఒక్కొక్క మీటా ఊడదీసి కడుగుతుంటే, నాన్న లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అవసరమైన పని కనక ఆదివారమైనా దేవుడు ఏమీ అనుకోడని అమ్మ బావకి అనుమతి ఇచ్చింది. గోనె ముసుగు తీసేసి, పాత తెల్లచీర కప్పమని బావే చెప్పాడు. "అత్తా, నీ గులాబీ బాగుంది గాని, నూగంతా దాన్లోంచే రాలుతున్నాది" అన్నాడు. అమ్మ మొహం ముడుచుకుంది గానీ మర్నాడే చీర చింపింది.

తరవాత నాన్న మళ్ళీ అరుగు మీదికి చేరాడు. ఈసారి మిల్లు కూతకి సగం లేవడం కూడా మానేశాడు. తలుపులు కీచుమనడం మొదలుపెట్టాయి. బావి గిలక ఏడుస్తుంటే కూడా ఆయన తల తిప్పలేదు. నా డబ్బాలో ఫాను మళ్ళీ గుర్రుమంది. "నాన్నా, ఓసారి సూడవా" అని బతిమాలాను. "నాకేటి తెలుసమ్మా. నూనోడిని. మీ బావకి ఫోన్ సెయ్యి" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. నిజంగానే తనకేమీ తెలియదని నమ్మి అన్నాడు. ఆ గొంతు విన్నాక నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. అమ్మ కత్తిపీట మీద వంకాయలు తరుగుతూ, "ఏడుపెందుకే? ఏటో ఒకటి సేద్దుము" అంది.

ఆ శనివారం సాయంత్రం అమ్మ ఏం చేసిందో నేను కళ్ళారా చూశాను, లేకపోతే నమ్మేదాన్ని కాదు. చీర కుచ్చిళ్ళు దోపి, ఒక చేత్తో బకెట్టు, ఇంకో చేత్తో నేల తుడిచే గుడ్డ పట్టుకుని అరుగు పక్కనుంచే ముందుగదిలోకి నడిచింది. మా ఇంట్లో ఏ వస్తువుకి ఏ గుడ్డో వేలితో తాకి చెప్పగలిగే మనిషి మా అమ్మ. బకెట్టు కింద పెట్టి, డబ్బా మూత తియ్యమంది నన్ను. "ఏటి సేస్తన్నావమ్మా?" అన్నాను. "అరుస్తున్నాది కదా. దుమ్ము అట్టేసుంటాది. నాలుగు సుక్కలు ఫినాయిలేసి తుడిసేస్తే అదే ఊరుకుంటాది. మీ నాన్న సెయ్యడు, మీ బావ బొబ్బిల్లో ఉన్నాడు, నాను సెయ్యకపోతే ఎవలు సేస్తారు?" అని వీధి వినేంత గట్టిగా అంది. నేను మూత విప్పి, భయంతో పక్కకి జరిగాను. అమ్మ గుడ్డని బకెట్టులోకి దించి, పైకి తీసి, డబ్బా లోపలికి చెయ్యి పెట్టబోయింది.

"ఒసే! ఆగు! తడిగుడ్డ ఎట్టకు!"

ఆ కేకకి కోళ్ళు లేచాయి. నాన్న గుమ్మం దాటడం నేను చూడలేదు, అమ్మ పక్కన ఉండడమే చూశాను. గుడ్డ లాక్కున్నాడు. అది చేతికి రాగానే ఒక్క క్షణం ఆగి అమ్మ మొహంలోకి చూశాడు. అమ్మ కూడా ఆయన వంకే చూసింది. మళ్ళీ అరిచాడు. "బుర్రుందా నీకు? కరెంటు డబ్బాలో నీలేటి? తగలబడిపోద్ది! ఇన్నేళ్ళు మిల్లోడితో కాపరం సేసి ఇదేనా నేర్సుకున్నావు?" అన్నాడు. అమ్మ ఎదురు మాట్లాడలేదు. మా అమ్మ ఎదురు మాట్లాడకుండా తిట్లు పడడం నేను ఆ ఒక్కరోజే చూశాను. బకెట్టు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. నాన్న గుడ్డని కిటికీలోంచి బయటికి విసిరేసి, రొప్పుతూ డబ్బా ముందు కూర్చున్నాడు. కాసేపటికి, "ఆ షేవింగు బ్రెస్సు అట్రా" అన్నాడు.

మరుసటి వారం బావ వచ్చినప్పుడు నాన్నే అడిగాడు, "అల్లుడూ, దీనికి ఏటెక్కడ ఎట్టాలో, ఏటెక్కడ ఎట్టకూడదో నాకు ఓపాలి సెప్పు" అని. బావ నవ్వలేదు. బహుశా అక్క ముందే చీవాట్లు పెట్టి ఉంటుంది. వరండాలో పక్కపక్కన కూర్చుని ఆ రోజంతా విప్పారు, బిగించారు. ముందు ఇనప డబ్బా ముట్టుకోవాలి, ఒంట్లో కరెంటు ఉంటే అందులోకి పోతుంది. మెమరీ పలక పసుపు అంచుని పెన్సిలు రబ్బరుతో రుద్దాలి, గోరు తగలకూడదు. మౌసు గోలీ సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టాలి, లోపలి ఉరుళ్ళ మీద పట్టిన మట్టి స్పిరిటు దూదితో తియ్యాలి. తెరని పొడి మెత్తటి గుడ్డతోనే తుడవాలి. నూనె ఒక్క ఫానుకే, అదీ అరిస్తేనే. నాన్న ప్రతిదానికీ ఊఁ కొట్టి, చివరికి, "అయితే మా మిల్లు లెక్క దీనికి తిరగబడిందన్నమాట. ముందు బ్రెస్సు, తరవాత గుడ్డ, ఆఖర్న నూనె" అన్నాడు. అటక మీంచి నూనెడబ్బా దిగింది.

సైకిలు పంపుతో గాలి కొట్టే ఉపాయం మాత్రం నాన్నదే. బ్రష్షు చేరని మూలల్లో నూగు ఎగిరిపోవడానికి పంపు గొట్టం చివర ఖాళీ పెన్ను గొట్టం బిగించాడు. గాలికి ఫాను గిర్రున తిరిగితే పాడవుతుందని బావ చెప్పాడు కనక, దాని రెక్కల మధ్య చీపురుపుల్ల అడ్డం పెట్టి కొట్టేవాడు. ఇక ప్రతి శనివారం మా ఇంటి వరసలో కంప్యూటర్ కూడా చేరింది. అమ్మ గంజి, నా చెప్పులు, నాన్న పంపు. వరండాలో చాప మీద మౌసు గోలీ, మీటలు, తీగలు వరసగా ఎండలో ఉండేవి, వాటికి కాకులు రాకుండా అమ్మ వడియాలకి కాపలా ఉన్నట్టే ఉండేది. స్పిరిటు వాసన కూడా శనివారం వాసనల్లో కలిసింది. తరవాత్తరవాత మిషను స్కూలువాళ్ళు, టెలిఫోన్ బూతువాళ్ళు కూడా, "మావా, మా ఎలక కదలట్లేదు" అంటూ మౌసులు పట్టుకొచ్చేవారు. తెలియనిది వస్తే నాన్న ఏమాత్రం సిగ్గుపడకుండా బొబ్బిలికి ఫోను చేసి అల్లుణ్ణి అడిగేవాడు. అడగడం నేర్చుకున్నాక ఆయనకి మాటలు కూడా తిరిగి వచ్చాయి. ఒకసారి చర్చి వాకిట్లో, "నాను దీనికి తలంటు పోసిన రోజు ఉన్నాది సూడండి" అని ఆ కథ తనే మొదలుపెట్టాడు. అందరికన్నా గట్టిగా తనే నవ్వాడు. పక్కన నిలబడి విన్న నాకు, ఇంక భయం లేదని అప్పుడు తెలిసింది.

ఆ కంప్యూటర్ నాకు చాలాకాలం అన్నం పెట్టింది. నాన్న దాన్ని చూసుకుంటూనే ముసలివాడయ్యాడు, చేతినిండా పనితోనే వెళ్ళిపోయాడు. ఇప్పుడు నా దగ్గర ఉన్న లాప్‌టాప్ పలక అంత పల్చన. చప్పుడు చెయ్యదు, వేడెక్కదు, దాన్లో తిరిగేది ఏదీ లేదట. మొన్న మీటల కింద బిస్కట్టు పొడి చేరితే షాపుకి తీసుకెళ్ళాను. "ఇది తెరిసేది కాదు మేడం, పాడైతే మొత్తం మార్సుకోవడమే" అని అక్కడి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. మంచి వస్తువే, ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు. పాతదాని మీద మోజుతో కొత్తదాన్ని తిట్టే అలవాటు నాకు లేదు, ఆ పాతది కీచుమనడం ఎంత నరకమో నాకే తెలుసు. కానీ ఈ కొత్తదాన్ని ఎవరూ విప్పక్కర్లేదు, ఎవరూ చెవి పెట్టి వినక్కర్లేదు. మా నాన్న లాంటి మనిషి ఇంట్లో ఖాళీగా కూర్చుంటే ఈ పలక ఆయన్ని అరుగు మీంచి లేపలేదు. దాని మీద నాకున్న ఫిర్యాదు అదొక్కటే.

అటక దిగి, నూనెడబ్బా అమ్మ ఒళ్ళో పెట్టాను. అమ్మ దాని అడుగు నొక్కింది. టక్కుమంది, చుక్క రాలేదు. ఇద్దరం టీ తాగుతుంటే ఆ బకెట్టు రోజు గుర్తొచ్చి, ఇన్నేళ్ళూ అడగని మాట అడిగాను.

"అమ్మా, ఆ రోజు నువ్వు నిజంగానే ఫినాయిలేసి తుడిసేద్దామనుకున్నావా?"

అమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "బకెట్లో నీలెక్కడివే? ఖాళీ బకెట్టు. గుడ్డ తీగ మీద ఎండిందే తెచ్చినాను. నీ కంప్యూటరు తగలెడతానేటి?"

నేను నవ్వాను. నవ్వుతుండగా ఇంకో సంగతి తట్టి, గ్లాసు కింద పెట్టాను.

"మరి నాన్న ఆ గుడ్డ నీ సేతిలోంచి లాక్కున్నాడు కదమ్మా. పొడిగున్నాదని తెలిసిపోద్ది కదా."

"తెలీకేటి? సేతికి తగలగానే తెలిసిపోనాది. నా మొహం సూసినాడు కదా అప్పుడు." అమ్మ డబ్బా ముక్కుని చీర చెంగుతో తుడిచింది. "తెలిసే తిట్టినాడు. నాను కూడా తెలిసే ఊరుకున్నాను."